కడుపులో అల్పపీడనం

జీడిచెట్లు పూతకొచ్చినప్పుడు వచ్చి వెళ్ళిన ప్రమోదిని నెలసరి, పిక్కలు రాలి, ఎండి, బస్తాలకెక్కి పలాస వెళ్ళిపోతున్నా మళ్ళీ రాలేదు. ఏడాదికి ఋతువులు ఆరంటారు. ఆ పిల్లకి కిందటేడు అక్షరాలా అన్నే వచ్చాయి గాని, అవన్నీ పంచాంగంలోవి. ఒంట్లోవి మూడే. మిగతావి దారిలో ఏ స్టేషనులో దిగిపోయాయో నౌపడ జంక్షన్ స్టేషను మాస్టారు కూడా చెప్పలేడు.

పైకి చెబుదామంటే భాషే అడ్డం. పెళ్ళయిన పిల్లకి నెల తప్పితే స్వీట్లు పంచుతారు. పెళ్ళికాని పిల్లకి నెల తప్పిందంటే తప్పు నెలది కాదు, పిల్లదంటారు. అందుకని ఇరవైనాలుగేళ్ళ ప్రమోదిని నోరు మూసుకుంది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు కొట్టడం ఆమె ఉద్యోగం. మూసుకున్న నోటికి కూడా పని ఉండాలి గనక, విరిగిన పప్పుబద్దలు డబ్బాలో పోసుకుని నమిలేది. ఒళ్ళు పెరిగింది, ఓపిక తరిగింది. మొహం మీద మొటిమలు, గడ్డం కింద నాలుగు వెంట్రుకలు లేచాయి.

ఇంట్లోవాళ్ళు చూడలేదని కాదు. పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో మనిషి నీరసంగా కనిపిస్తే ఏం తిన్నావని అడగరు, క్రియాటినిన్ ఎంతని అడుగుతారు. ఈ నేల మీద కిడ్నీ జబ్బు మింగిన మనుషులు అంతమంది. ప్రమోదిని తండ్రి కూర్మనాథం తన సొంత అన్నని అలాగే పోగొట్టుకున్నాడు. కూతురు రెండు మెట్లెక్కి ఆయాసపడడం చూసి మర్నాడే పరీక్షకి రక్తం ఇప్పించాడు. క్రియాటినిన్ సున్నా పాయింటు ఎనిమిది. కూర్మనాథం దేవుడికి కొబ్బరికాయ కొట్టాడు. ఆ ఇంట్లో కిడ్నీ బాగుంటే మనిషి బాగున్నట్టే. మిగతా అవయవాలన్నీ కిడ్నీ దగ్గర పాలేర్లు. "నీకేటి లోటు, దున్నలా ఉన్నావు" అన్నాడు ముద్దుగా. దున్న అన్నమాట సగం నిజం కావడంతో పిల్లకి ఏడుపొచ్చింది.

చివరికి ఓ శనివారం సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా టెక్కలి వెళ్ళి లేడీ డాక్టరుకి చూపించుకుంది. డాక్టరమ్మ ముందు గర్భం పరీక్షే చేయించింది. అందరికీ చేయిస్తామమ్మా, నీ మీద అనుమానంతో కాదు అని బుజ్జగించింది. తర్వాత థైరాయిడు, షుగరు, స్కాను. స్కానులో అండాశయాల అంచున నీటి ముత్యాల్లాంటివి వరస కట్టి ఉన్నాయి. పీసీఓఎస్ అంది. ప్రమోదినికి చిన్నప్పటి పీసీఓ టెలిఫోన్ బూత్ గుర్తొచ్చింది. అదీ ఇంతే, మోగవలసినప్పుడు మోగేది కాదు.

ప్రతి నెలా కొన్ని గుడ్లు బయల్దేరతాయి, వాటిలో ఒకటి ముదిరి బయటికొస్తుంది, నీకు అన్నీ బయల్దేరుతున్నాయి గాని ఏదీ ముదరడం లేదు అని చెప్పింది డాక్టరమ్మ. అండాశయానికి ఆశయాలెక్కువ, ఆచరణ తక్కువ అన్నమాట అనుకుంది ప్రమోదిని. మధ్యలో ఆగిపోయినవే ఆ ముత్యాలు. గడ్డలూ కావు, కాన్సరూ కాదు. ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకపోతే ఒళ్ళే ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేసి పోస్తుంది, అది మగ హార్మోన్‌ని ఎగదోస్తుంది, గడ్డం మీద వెంట్రుకలూ మొటిమలూ ఈ ఆలస్యమూ అక్కణ్ణుంచే. పిల్లలు పుడతారా అని ప్రమోదిని గొంతులోనే అడిగింది. చాలామందికి పుడతారు, కొందరికి మందు సాయం కావాలి, ఆ రోజొచ్చినప్పుడు చూద్దాం అంది. ఇది జ్వరంలా దిగి పోయేది కాదట. అత్తగారి లాంటిది, ఇంట్లోంచి పోదు, పద్ధతిగా ఉంటే అదుపులో ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నెలలు నెలలు రాకుండా ఉంటే గర్భసంచి లోపలి పొర మందం కడుతుంది, వచ్చినప్పుడు వరదలా వస్తుంది, ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే సంచికే మంచిది కాదు. వరద సంగతి ప్రమోదినికి ఒకరు చెప్పనక్కర్లేదు. కిందటేడు పిన్ని కూతురి పెళ్ళికి అడ్డం రాకూడదని షాపులో కొన్న వాయిదా మాత్రలు మింగింది. మానేశాక అది వచ్చి పడింది, పలాస బస్సులో. తన స్టాపు దాటిపోయినా లేవలేదు. ఆఖరి మనిషి దిగేదాకా ఒడిలో బ్యాగు పెట్టుకుని, కిటికీలోంచి కొబ్బరిచెట్లని చూస్తున్నట్టు కూర్చుంది.

డాక్టరమ్మ పది రోజుల మాత్రలు రాసింది. అవి అయిపోయాక వారంలోగా వస్తుందంది. రాత్రిపూట అన్నం సగం చేసి చోడి జావ, అదే రాగిజావ, తాగమంది. బద్దలు డబ్బాడు కాదు, గుప్పెడు అంది. రోజూ నడవమంది.

నడకే కష్టమైంది. ఊళ్ళో పనిలేకుండా నడిచే ఆడపిల్లంటూ ఉండదు. మొదటి సాయంత్రం తోటల వెంట రోడ్డెక్కగానే ప్రతి అరుగూ ఎక్కడికని అడిగింది, ప్రతి ఆటో ఆగింది, ఎక్కు సెల్లీ డబ్బులొద్దు అంది. మర్నాటినుంచి ఖాళీ నీళ్ళ టిన్ను చేత పట్టుకుంది. ఉద్దానంలో మంచినీళ్ళకి వెళ్ళే మనిషిని ఎవరూ ఆపరు. సొంత ఊళ్ళో శుద్ధజలం ప్లాంటు ఉండగా, పక్కూరి నీళ్ళు తియ్యగా ఉంటాయని చెప్పి అక్కడికి పోయేది. పిక్కలేరే ఊళ్ళో పుట్టిన పిల్లకి కాళ్ళ పిక్కలు రాళ్ళయ్యాయి. పది మాత్రలూ ఎవరూ చూడకుండా అయిపోయాయి. ఇంక రావడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టింది.

తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లని కూకటివేళ్ళతో పీకేశాక, ఆ ఊళ్ళో గాలి పేరెత్తితే పెద్దల గాలి పోతుంది. అమ్మవారి సంబరాలు మరో పది రోజులకి అనుకున్నవాళ్ళు, వాన మీద పడకముందే కానిచ్చేద్దామని ఈ ఆదివారానికే లాగేశారు. పైగా మొదటి ముర్రాట వంతు ఈసారి కూర్మనాథం ఇంటిది. ముర్రాటంటే పసుపునీళ్ళూ వేపాకులూ నింపిన కొత్త కుండ. వంతు వచ్చిన ఇంటి ఆడపడుచు దాన్ని తలకెత్తుకుని ఊరంతటికీ ముందు నడిచి అమ్మవారి ముందు పోస్తుంది. ఆ తర్వాతే మిగతా కుండలు కదులుతాయి.

ముప్పయ్యేళ్ళ కిందట ఈ వంతు వచ్చినప్పుడు కూర్మనాథం అక్క నీలవేణి కుండ ఎత్తాల్సింది. డప్పులు వాకిట్లోకి వచ్చిన పొద్దునే ఆమెకి నెలసరి వచ్చింది. వంతు ఎదురింటి బాలకృష్ణ వాళ్ళకి పోయింది. బాలకృష్ణ తర్వాత సర్పంచి అయితే అదంతా ఆ ముర్రాట చలవేనని కూర్మనాథం ఇప్పటికీ నమ్ముతాడు. అందుకే అతని భార్య కళావతి ఈసారి అమ్మవారిని నమ్ముకోలేదు, మందుల షాపుని నమ్ముకుంది. సంబరాలకి ముందు ఆ ఊళ్ళో వాయిదా మాత్రలు పిప్పరమెంట్లలా చేతులు మారతాయి. ఆడవాళ్ళ నెలలన్నీ కోర్టు కేసుల్లా పై వారానికి పడతాయి. కళావతి ఒక అట్ట తెచ్చి కూతురి చేతిలో పెట్టి, ఈ పూటనుంచే వెయ్యమంది.

ప్రమోదినికి కాలు నిలవలేదు. పెరట్లోకి వెళ్ళి డాక్టరమ్మకి ఫోను చేసింది. నేను రాసినవీ మీ అమ్మ తెచ్చినవీ ఒక కుటుంబం మందులే, వేసుకుంటే ఆగుతుంది, మానేశాక వస్తుంది, నాలుగు రోజులకి కొంప మునగదు, కానీ షాపులో కొన్నది నన్నడక్కుండా మళ్ళీ వెయ్యకు అంది. వేసుకోవాలా వద్దా అంటే, అది నీ ఒళ్ళు, నీ ఇష్టం, ఇప్పటికెన్నిసార్లు వాయిదా వేశావో ఆలోచించుకో అని పెట్టేసింది.

ఎన్నిసార్లు. పెళ్ళికోసారి, ఫ్యాక్టరీ సీజనుకోసారి, డాక్టరు దగ్గరికెళ్ళడానికి భయమేసి ఇంకెన్నోసార్లు. ఊరంతా రావద్దని మొక్కుకునేదాని కోసం ఒక్కతే రమ్మని మొక్కుకుంటూ నాలుగు నెలలు కాచుకుంది. తీరా గుమ్మం దాకా వచ్చినదాన్ని మళ్ళీ తరమడానికి ఆమెకి మనసు రాలేదు. పెరటి గుమ్మందాకా వచ్చింది, వెనక్కెళ్ళింది, మళ్ళీ వచ్చింది. లోపల కళావతి పిక్కల బస్తా మీద కూర్చుని వేపాకు దూస్తోంది. ఓ పక్కన సంబరాలకని నౌపడనుంచి దిగిన నీలవేణి కొబ్బరి కోరుతోంది.

"ఇయ్యి నానెయ్యనమ్మా."

"ఏటి?"

"మాత్రలు. రాకుండా ఉంతాదని నువ్వు తెచ్చినావు. వత్తాదని నాను పది దినాలు మింగినాను."

కళావతి చేతిలో వేపరెమ్మ ఆగిపోయింది. "ఎన్నాళ్ళయిందే రాక?"

"జీడిపూతప్పుడొచ్చింది."

కళావతి వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. నాలుగో వేలు దగ్గర మొహం మాడింది. "ఎవుడే ఆడు?"

"ఎవుడూ నేడమ్మా. ఉంటే ఆడి స్కూటరెక్కి ఎల్దును కదా టెక్కలి. ఒక్కర్తినీ బస్సులో నిలబడెందుకెల్తాను?"

కొబ్బరి కోరే చప్పుడు ఆగింది, ఒక నవ్వు వినపడింది, చప్పుడు మళ్ళీ మొదలైంది. ప్రమోదిని స్కాను ముత్యాలనుంచి బస్సు కిటికీ దాకా అన్నీ చెప్పింది. తల్లికి సగం అర్థమైంది, సగం భయమైంది. అమ్మ గనక భయపడుతూనే, నాలుగు రోజులే కదమ్మా, మీ నాన్న పరువు, ఎదురింటోళ్ళ నవ్వు అని బతిమాలడానికి దిగింది. అంతకుముందు కసిరినదానికంటే ఇదే కష్టంగా తోచింది ప్రమోదినికి. అట్ట మీది మాత్రలు బొటనవేలితో నొక్కుతూ నిలబడింది. ఇంకోసారి అమ్మ అమ్మా అంటే మింగేసేలాగే ఉంది.

నీలవేణి కోరుపీట మీంచి లేచింది. "కళావతీ, కుండ నానెత్తుతాను. నానీ ఇంటి ఆడపడుచుని కానా?"

కళావతి ఆమెని ఎగాదిగా చూసింది. వదినకి యాభై దాటాయి.

"అలా సూడకు. నా బండి షెడ్డుకెల్లిపోయి నాలుగేళ్ళయినాది, ఇంక రాకా నేదు పోకా నేదు. అప్పుడు మాత్రలు నేవు. ఉంటే మా యమ్మ నోరు పగలదీసైనా నాకు మింగించును. దీనికి ఉన్నాయి, ఒద్దంతంది. ఒద్దన్నదాని నోట్లో పోత్తే అది అమ్మోరికి పోసినట్టు కాదు."

కళావతి కూతురి చేతిలో అట్ట తీసుకుని బొడ్లో దోపుకుంది. పారెయ్యలేదు. ఒకసారి కొన్న వస్తువుని పారేసే ఇల్లు కాదది.

కూర్మనాథానికి ఆడవాళ్ళ సంగతి అని మాత్రం చెప్పారు. అతను ఆ మాట విని కాస్త ఆలోచించి, ఎందుకైనా మంచిది, క్రియాటినిన్ ఇంకోసారి చేయిద్దామన్నాడు.

ఆదివారం వచ్చింది. అల్పపీడనం రాలేదు. ఒడిశా వైపు మళ్ళిపోయిందని, ఇక్కడ చినుకు కూడా పడదని టీవీ చెప్పింది. ప్రమోదినికీ రాలేదు. అటు మేఘం లేదు, ఇటు మరక లేదు. పసుపు చీర కట్టి నీలవేణి కుండకి బొట్లు పెడుతుంటే, కళావతి చూపులన్నీ కూతురి మీదే. రాలేదుగా, నువ్వే ఎత్తగలిగేదానివిగా అని ఆ చూపులే అన్నాయి. మాత్రలు పని చెయ్యలేదేమో, డాక్టరు చెప్పిన వారంలో ఇంకా రెండ్రోజులున్నాయి కదా, ఉంటే మటుకు వస్తుందని రూలేముంది అని ప్రమోదిని వీధి గుమ్మంనుంచి పెరటికీ, పెరటినుంచి వీధికీ తిరిగింది. నీళ్ళ టిన్ను లేకుండానే రోజు నడక అయిపోయింది.

డప్పులు మోగాయి. నీలవేణి కుండ తలకెత్తుకుని గుమ్మం దిగింది. సన్నాయి లేకపోయినా పెళ్ళికూతురి నడకే నడిచింది. ముప్పయ్యేళ్ళు కడుపులో దాచుకున్న ఊరేగింపది. ఎదురింటి అరుగు మీద బాలకృష్ణ లేచి నిలబడ్డాడు, నవ్వలేదు. వేపాకుల మీంచి పసుపునీళ్ళు నీలవేణి చెంప మీదికి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

ఊరేగింపు మలుపు తిరిగి డప్పుల మోత సన్నబడ్డాక, ప్రమోదినికి పొత్తికడుపులో ఎవరో గుప్పిట బిగించినట్టయింది. స్తంభం పట్టుకుంది. పెరట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి నొప్పితో వంగిపోయి ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. కళావతి చూడగానే గ్రహించింది. అలవాటుకొద్దీ వేలు, ఆ మూడు రోజులూ ఆడవాళ్ళు విడిగా కూర్చునే వెనక వసారా వైపు లేచింది. లేచిన వేలిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు గాలిలోనే ఉంచింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళి నీళ్ళు కాచి సీసాలో పోసి తువ్వాలు చుట్టి తెచ్చి, ఇక్కడే పడుక్కో, కడుపు మీద పెట్టుకో అంది.

మధ్యాహ్నం నీలవేణి ఖాళీ కుండతో తిరిగొచ్చింది. తడిసిన జుట్టు పిండుకుంటూ మేనకోడలి మొహంలోకి చూసింది. "తీరం దాటినాదేటే?"

ప్రమోదిని తల ఊపింది.

ఒకసారి వచ్చినంతమాత్రాన పై నెల వస్తుందని నమ్మకం లేదు. తగ్గేవరకూ కాదు, తగ్గాక కూడా నడవాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. నొప్పి సర్దుకున్నాక ఓ సాయంత్రం ప్రమోదిని మళ్ళీ తోటల రోడ్డెక్కింది. ఆటో ఒకటి పక్కన ఆగింది, ఎక్కడికెల్తన్నావు సెల్లీ, నీళ్ళకేటి, టిన్ను ఏదీ అని అడిగింది.

"ఎక్కడికీ నేదన్నా. నడవడానికే."

ఆటో నమ్మలేదు. కొంతదూరం ఆమె పక్కనే మెల్లగా నడిచింది.