సొలొమోను ఎదుట అద్దం

ఒంటరిగా లారీ ఎక్కిన గుర్రానికి ఎదురుగా అద్దం పెడితే, ఇంకో గుర్రం తోడుందనుకుని నిమ్మళంగా నిలబడుతుంది. బాపట్లలో ట్రైనింగప్పుడు ఒక డాక్టరుగారు ఈ మాట చెప్పారు. తెనాలిలో పశువుల కాంపౌండరుగా పదకొండేళ్లు చేసినా దాన్ని వాడే అవకాశం నాకు రాలేదు. గేదెల కడుపుబ్బరాలతోనే సరిపోయేది.

ఎనభై ఏడులో సుందరమ్మ వచ్చింది. ఆమె భర్త సామ్యేలు స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆయన పోయి ఆర్నెల్లయింది. పిల్లల్లేరు. జట్కా ఎక్కేవాళ్లూ లేరు. బాపట్లలో ఒక హాస్టల్లో ఆమెకు వంటపని దొరికింది, సోమవారం చేరాలి. ఇక మిగిలింది గుర్రం. దాని పేరు సొలొమోను. రేపల్లెలో పెళ్లి ఊరేగింపులకు గుర్రబ్బండ్లు నడిపే మల్లికార్జునరావుగారు తీసుకుంటానన్నారు. కాకపోతే పెళ్లిగుర్రం ఊరూరా లారీలో తిరగాలి, బెదరకుండా వస్తేనే తీసుకుంటానని షరతు పెట్టారు. అంతకుముందు ఒకసారి ఎక్కించబోతే అది చెక్కల్ని తన్ని కాలు చీరుకుంది.

"ఆయన కాదంటే ఇంక దాన్ని అడిగేది కబేళావాళ్లే తమ్ముడూ. ఏదన్నా మత్తుమందు ఇయ్యరాదూ?" అంది.

"మత్తెందుకక్కా? అద్దం పెడదాం."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గుర్రానికి అద్దమేంటి? తల దువ్వుకోటానికా?"

సెలూను గురునాథం దగ్గర పాత అద్దం అడిగి తెచ్చాను. శనివారం పొద్దున, అరటిగెలలు దించి ఖాళీగా రేపల్లె వెళ్లే లారీలో ముందు చెక్కకు దాన్ని కట్టించాను. సొలొమోను ఎక్కింది. అద్దంలోకి చూసింది, చెవులు కదిలించింది, వాసన చూసింది. అంతే, కిక్కురుమనలేదు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సుందరమ్మ దాని దగ్గరే గడ్డిమోపు మీద కూర్చుంటానంది. నేను డ్రైవరు వీరాస్వామి పక్కన కూర్చుని, జంతువుల మనస్తత్వం గురించి దారి పొడుగునా ఉపన్యాసమిచ్చాను. అతను ఆవలిస్తూనే ఉన్నాడు.

రేపల్లెలో గుర్రం పెళ్లికొడుకులా దిగింది. మల్లికార్జునరావుగారు ముచ్చటపడిపోయారు. "ఏం చేశారండి దీన్ని?" అన్నారు. ఉపన్యాసం మళ్లీ మొదలుపెట్టాను. "ఏదండీ, ఆ అద్దం ఒకసారి చూద్దాం" అన్నారాయన.

లారీ ఎక్కి చూస్తే చెక్క మీద అద్దం లేదు. మూలన గోతాంలో ముక్కలున్నాయి.

"వేమూరు దాటాక గుంటలో పడ్డాం గదా, అప్పుడే పగిలింది" అంది సుందరమ్మ గొంతు తగ్గించి. "దాని కాళ్లకు గుచ్చుకుంటయ్యని ఏరేశా. అప్పట్నించీ దాని మొహం పట్టుకుని నిలబడే ఉన్నా. ఆయనకి చెప్పమాకు. చెబితే తీసుకోడు."

ఆమె అరచేతులు కోసుకుపోయి ఉన్నాయి. భుజం మీద చీరంతా గుర్రం చొంగ.

దించేటప్పుడు పగిలిందని చెప్పాను. "పోనీండి, నేను నిలువుటద్దమే కొంటాను" అన్నారాయన ఉత్సాహంగా.

సుందరమ్మ సొలొమోను మూతి ఒకసారి నిమిరి, వెనక్కి చూడకుండా నడిచింది. దాని సకిలింపు బస్టాండు దాకా వినపడింది. బస్సు మా ఎదురుగానే ఉంది. అయినా "బస్సేది తమ్ముడూ?" అని రెండుసార్లు అడిగింది.

శుక్రవారం నాకు మల్లికార్జునరావుగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "నిలువుటద్దం పెట్టాం. తన్ని బద్దలు కొట్టింది. నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. ఆదివారం దాకా చూసి వదిలించుకుంటాను. అద్దం ఏ వైపు పెట్టాలో వివరంగా రాయగలరు."

జవాబు రాయడానికి కూర్చున్నాను. సిగ్గేసింది. కార్డు జేబులో పెట్టుకుని బాపట్ల రైలెక్కాను.

హాస్టలు వంటింట్లో సుందరమ్మ గంజి వారుస్తోంది. కార్డు చదివి వినిపించాను. గిన్నె దించి, చేతులు తుడుచుకుని, తిన్నగా వార్డెను రిబ్కాగారి దగ్గరికెళ్లి రెండు రోజులు సెలవడిగింది.

"చేరి వారం కాలేదు, సెలవేంటమ్మా? వంద మంది పిల్లలకి ఎవరు వండిపెడతారు? వెళ్తే ఇంక రానక్కర్లేదు" అందావిడ. అదీ నిజమే.

సుందరమ్మ కొంగు ముడి విప్పి, కొట్టుగది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

రేపల్లె బస్సు కిటికీలోంచి నన్ను తిట్టింది. "అద్దమంట, అద్దం! నీ మాట విని దాన్ని వదిలేసొచ్చా."

"అది సరేలే, అక్కడ నీకు తిండెవరు పెడతారక్కా?"

"దానికి పెట్టేవాళ్లు నాకింత పెట్టకపోతారా? ముందు అది తిననీ" అంది.