తాజ్ ఆపా పాలు పొంగిన శనివారం

సర్కారు ఖజానా తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో మంత్రులకన్నా ముందు చెప్పేస్తాను నేను. డిగ్రీలో ఎకనామిక్స్ రెండుసార్లు తప్పినవాణ్ణే అనుకోండి. అసలు చెప్పేది కూడా నేను కాదు, మా తాజున్నీసా ఆపా పాలగిన్నె.

కర్దనూర్ దగ్గర, నేను పనిచేసే పైపుల ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఆపా చాయ్ కొట్టు. పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తుతుంది. బొంతపల్లి ఎంకమ్మ పంపే బర్రెపాలు కాచి దించుతుంది. మొదటి షిఫ్టువాళ్లకు చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అందిస్తూ అందర్నీ పేరుపేరునా తిడుతుంది. సర్కారు చేతిలోంచి డబ్బు నిజంగా బయటికొచ్చిన రోజు ఆ పాలు మంట లేకున్నా పొంగుతాయి. సర్కారు పిడికిలి బిగించిందా, ఎంత మంట పెట్టినా మరుగుతాయే తప్ప అంచు దాటవు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. వానొస్తే గొడుగు తీసినట్టు, పాలు పొంగితే ఓవర్‌టైముకు పేరు రాయించుకుంటారు. ఆపాకు మాత్రం పాలు పోయాయన్న ఏడుపు.

ఈసారి ఎనిమిది నెలలు పొంగలేదు. ఊళ్లకు మంచినీళ్ల లైన్లు వేసే కాంట్రాక్టరుకు సర్కారు బిల్లులు ఆపింది. ఆయన మా పైపులు కొనడం ఆపాడు. మా ఓనరు నరసరాజు గారు రెండో షిఫ్టు ఆపారు. మేం రెండో చాయ్ ఆపాం. ఆపా సగం పాలు ఆపింది. బొంతపల్లిలో ఎంకమ్మ ఒక బర్రెను అమ్మేసింది.

బడ్జెట్ రోజు అందరం కొట్టు దగ్గర ఒక ఫోన్ చుట్టూ మూగాం. మంచినీళ్లకు వేల కోట్లు అన్నారు. మేమంతా గిన్నెకేసి తిరిగాం. పాలు అద్దంలా ఉన్నాయి.

"గంటన్నర మాట్లాడిండ్రు, ఒక్క బుడగ రాలే," అంది ఆపా.

"చదివితే ఏం లాభమమ్మా, డబ్బు కదలాలి గానీ," అన్నారు నరసరాజు గారు. భీమవరం నుంచి వచ్చి ఒక్క మెషిన్‌తో మొదలుపెట్టిన మనిషి. "ఇక నా వల్ల కాదు. శనివారం పాత ఇనుము కొనే సంగప్ప లారీ తెస్తాడు. మెషిన్ పాత సామానుకి ఇచ్చేస్తున్నాను."

పద్నాలుగు మందిమి ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నాం.

శనివారం సంగప్ప లారీతో, క్రేన్‌తో వచ్చాడు. నరసరాజు గారు పాత బట్టతో మెషిన్ తుడుస్తున్నారు.

"ఎందుకు సార్, పోయి పగలగొట్టేదే గద?"

"ఇరవై ఎనిమిదేళ్లు తిండి పెట్టిందయ్యా. మురికి మొహంతో పంపమంటావా?"

క్రేన్ కొక్కెం తగిలించారో లేదో, రోడ్డవతల నుంచి నన్ను పిలుస్తూ ఆపా కేక.

"అరె పవన్! జల్దీ రా! పొంగుతున్నయ్‌రా!"

పొయ్యి ఎప్పుడో ఆర్పేసి ఉంది. పాలు అంచు దాటి, బల్ల దిగి, మెట్టు దిగి, రోడ్డు దాటి మా గేటులోకొచ్చి సంగప్ప చెప్పులు తడిపాయి.

"ఇగ అయిపాయె నా బేరం," అన్నాడు సంగప్ప, కాలు పైకెత్తి.

అప్పుడే నరసరాజు గారి ఫోన్ మోగింది. కాంట్రాక్టరు. బిల్లులు పడ్డాయట, సోమవారానికి పైపులు కావాలట.

"ఎప్పుడు పడ్డాయండీ?"

"గురువారం మధ్యాహ్నమండీ. మీరే ఫోన్ చేస్తారని చూస్తున్నాను. మీకు పాలున్నాయి కదా!"

నరసరాజు గారు కొక్కెం తన చేత్తోనే తీసి, మెషిన్ వీపు మీద ఒక్కటి చరిచారు.

"మరి ఖాళీ లారీ తోల్కపోవాల్నా సార్?"

"ఎందుకయ్యా? సోమవారం పైపులు ఎక్కించుకు పో. కిరాయి ఇస్తాను."

"అందరికీ చాయ్ పోద్దమంటే పాలేవిరా?" అని ఆపా మొత్తుకుంది. నవ్వుతూనే.

నెల తిరిగేసరికి రెండో షిఫ్టు నడిచింది, రెండో చాయ్ వచ్చింది, ఎంకమ్మ కొట్టంలోకి ఈనిన బర్రె ఒకటి దూడతో సహా దిగింది. ఒకరోజు చాయ్ తాగుతూ సంగప్ప అడిగాడు.

"గురువారం పైసలు పడితే శనివారం పొంగుడేంది ఆపా?"

"సర్కారు సంగతి గద! ఫైల్ కదలొద్దా?"

అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను.

ఇన్నాళ్లకు చెబుతున్నాను. ఆ గురువారం ఆపా నమాజుకని ఇంటికెళ్తూ కొట్టు చూడమంది. పాలు ఠంచనుగా పొంగాయి, పైన వేలెడు మందం మీగడతో. పొద్దుట్నుంచి నేనేమీ తినలేదు. చక్కెర చల్లుకుని మొత్తం లాగించి, ముందు బల్ల, తర్వాత మూతి తుడిచాను. ఆపా వచ్చి "పొంగినయారా?" అంటే మీగడ గుట్టు బయటపడుతుందని "లే ఆపా" అన్నాను. శనివారం కొక్కెం చూసి నోరు తెరవబోయాను. అంతలో, నాకన్నా సిగ్గున్న పాలు గనక, అవే మళ్లీ పొంగాయి.

ఎనిమిది నెలల ఆలస్యం సర్కారుది. చివరి రెండు రోజులు మాత్రం నావి.