రీస్టార్ట్ చేయొద్దు

"బావా, ఖాళీ రావట్లేదు."

మా బావమరిది పైఅంతస్తులో నేను కూర్చునే గది తలుపు సగం తెరిచి నిలబడి ఈ మాట అన్నాడు. ఉదయం పది కావడానికి ఐదు నిమిషాలుంది. నీళ్ల సీసా మూత బిగిస్తూ ఏం ఖాళీ అని అడిగాను.

"డోసు సర్వర్‌లో. డిస్కు నూటికి నూరు శాతం నిండిపోయింది. వెతికితే పాత ఫైలొకటి కనబడింది, నూట నలభై జీబీ. తీసి పారేశాను. తీసేసినా ఇంకా నూరే చూపిస్తోంది. సర్వీసు రీస్టార్ట్ చేస్తే వదులుతుంది కదా. నీ చెవిన ఓ మాట వేసి చేద్దామని వచ్చా."

మాది క్యాన్సర్ ఆసుపత్రి. నేలమాళిగలో ఉన్న చల్లటి సర్వర్ గదిలో పద్దెనిమిదేళ్లుగా యూనిక్స్ సర్వర్లు చూస్తున్నాను. మా బావమరిది వర్చువల్ మెషీన్లు చూస్తాడు. అంటే ఒకే పెద్ద ఇనప్పెట్టె లోపల ఇరవై సర్వర్లు, ప్రతిదీ ఆ పెట్టె మొత్తం తనదే అనుకుంటూ నడుస్తుంటుంది. ఒకే కొంపలో ఇరవై కాపురాలని వాడు అంటుంటాడు. పని మీద దూకుతాడు కాబట్టి ఆసుపత్రిలో అందరూ వాణ్ని ఎక్స్‌ప్రెస్ అంటారు. దూకే ముందు వాడు నన్ను అడగడానికి వచ్చింది ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి.

"ఏ ఫైలురా తీసింది?"

"డోస్ డాట్ ఓల్డ్. పేరులోనే పాతదని ఉందిగా."

సీసా బల్ల మీద పెట్టాను. పెట్టాననే అనుకున్నాను. అది కింద దొర్లి మూలకు పోయింది.

"ఏ కీబోర్డు మీదా చెయ్యి పెట్టకు," అన్నాను. "రీస్టార్ట్ చేయొద్దు. పద."

నడుస్తూనే చెప్పాను. అది పాత ఫైలు కాదు. ఇప్పుడు నడుస్తున్నది అదే. ఇప్పుడు చికిత్సలో ఉన్న రెండువందల పన్నెండు మందికి రేడియేషన్ ఏ కోణంలో, ఎంత మోతాదులో, ఇప్పటికి ఎన్ని రోజులు పడిందో మొత్తం అందులోనే ఉంది. కాగితాలు ఎత్తేసి నాలుగేళ్లయింది. అలా ఎత్తేసిన వారంలో కొత్త సర్వర్‌కు మారుతుంటే కొత్త ఫైలు తెరుచుకోలేదు. మర్నాడు పొద్దున్నే రేడియేషన్ మిషన్లు నడవాలి. అందుకని పాత ఫైలు నకలుకు చివర డాట్ ఓల్డ్ అని తగిలించి, సర్వీసును, అంటే ఆ ఫైలును నడిపే ప్రోగ్రామును, దాని మీదికి తిప్పాను. మర్నాడు పేరు సరిచేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం, ఇక్కడే చికిత్సలో ఉన్న మా ఆవిడకు వాంతులు ఆగడం లేదని పైవార్డు నుంచి ఫోనొచ్చింది. ఆ మర్నాడు, ఆ తర్వాతి నాలుగేళ్లు అలా గడిచిపోయాయి. మా పనిలో తాత్కాలికంగా పెట్టినంత గట్టిగా ఇంకేదీ నిలబడదు.

బావమరిది మెట్ల దగ్గర ఆగిపోయాడు. "బ్యాకప్ ఉంది కదా," అన్నాడు.

సర్వర్ గదిలోకి దిగి బ్యాకప్ తెరిచి చూశాం. రోజూ విజయవంతం అని పచ్చరంగులో రాసి ఉంది. ఫోల్డరు లోపల డోసు ఫైలు లేదు. చివర డాట్ ఓల్డ్, డాట్ టెంప్ అని ఉన్న ఫైళ్లను వదిలేయమని బ్యాకప్ నియమాల్లో ఉంది. ఆ నియమం రాసింది కూడా నేనే. వెతికితే మెషీన్ మొత్తాన్ని అచ్చు తీసిన నకలొకటి దొరికింది. తేదీ చూస్తే పదకొండు వారాల కిందటిది. మా దగ్గర చికిత్స ఆరు వారాలు నడుస్తుంది. ఇప్పుడు పైన వరండాలో కూర్చున్నవాళ్లలో ఒక్కరి పేరు కూడా అందులో ఉండదు. బ్యాకప్‌ను తెరిచి చూడకుండా నమ్మకూడదని కొత్తవాళ్లకు వందసార్లు చెప్పినవాణ్ని.

"నేను పోయాను బావా," అన్నాడు వాడు. "నా చేతులు విరిగిపోను."

"చేతులతో పనుంది. ఇంకా ఖాళీ రాలేదన్నావే, ఇప్పుడు చూడు."

వాడు చూశాడు. "నూరే."

"బతికించింది," అన్నాను.

యూనిక్స్‌లో ఫైలు తీసేయడమంటే నిజానికి దాని పేరు తీసేయడం. ఏదైనా ప్రోగ్రాము ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా లోపలి సమాచారం డిస్కు మీదే ఉంటుంది. ఖాళీ రాలేదంటే సర్వీసు ఇంకా పట్టుకునే ఉందన్నమాట. రీస్టార్ట్ చేస్తే అది చెయ్యి వదులుతుంది. ఆ తర్వాత దేవుడు దిగివచ్చినా లాభం లేదు. ప్రతి కొత్తవాడికీ మేం చెప్పే మొదటి చిట్కా, తీసేసినా ఖాళీ రాకపోతే సర్వీసు రీస్టార్ట్ చేయమని. వాడు ఆ చిట్కానే పాటించబోయాడు.

పట్టుకుని ఉన్న ఫైళ్లలోకి ఒక దారి ఉంటుంది. ఆ ప్రోగ్రాము నంబరు కింద, అది తెరిచిన ఫైళ్ల జాబితాలో, పదకొండోదిగా మాది కనబడింది. పక్కన, తీసేయబడింది అని రాసి ఉంది. ఆ దారిగుండా ఇంకో సర్వర్‌కు కాపీ చేసుకోవచ్చు. కానీ కాపీ అవుతుండగా మిషన్లు రాస్తూ ఉంటే ముందు సగం పాతదీ వెనక సగం కొత్తదీ అయి, అతుకుల బొంత వస్తుంది. ముందు రాత ఆగాలి.

ఫిజిసిస్టుకు ఫోన్ చేశాను. రేడియేషన్ మోతాదులు లెక్కకట్టే ఆవిడ. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది.

"అమ్మా, మూడు గదుల్లోనూ బీమ్ ఆపగలవా? ఇప్పుడే."

"ఒకాయన బల్ల మీద ఉన్నారు. నాలుగు కోణాల్లో రెండు అయ్యాయి."

"ఆపాలి."

అటువైపు బటను నొక్కిన చప్పుడు వినబడింది. "ఆపాను. ఎందుకు అన్నయ్యా?"

ముందు ఆపి తర్వాత ఎందుకని అడిగేవాళ్లు ఎక్కడో ఒకరుంటారు. చెప్పాను.

"ఎంత పడిందో తెలియకుండా ఇంకొక్క సెకను కూడా నేను వేయలేను," అంది. "తక్కువైతే గడ్డ మిగులుతుంది. ఎక్కువైతే మనిషి కాలిపోతాడు. అందరికీ మొదటినుంచి వేయడమన్నది కుదరని పని. నాకు తెచ్చిపెట్టండి."

బావమరిది ఈలోగా తేరుకున్నాడు. "మెషీన్ మొత్తానికి స్నాప్‌షాట్ కొట్టేద్దామా? ఉన్నది ఉన్నట్టు."

"కింద పెట్టెలో జాగా ఎంతుంది?"

చూశాడు. "తొమ్మిది జీబీ." తనే తల అడ్డంగా ఊపాడు. ఆ తొమ్మిదీ నిండితే ఇరవై సర్వర్లూ ఒకేసారి కొయ్యబారిపోతాయి.

"సర్వీసును నిలబెడదాం," అన్నాను. "చంపొద్దు, నిద్రపుచ్చుదాం. ముందు కాపలావాణ్ని తప్పించు."

సర్వీసు పలుకుతోందో లేదో నిమిషానికోసారి చూసే చిన్న ప్రోగ్రాము ఉంది. మూడుసార్లు పలకకపోతే అదే రీస్టార్ట్ చేసేస్తుంది. వాడు దాన్ని ఆపాడు. నేను సర్వీసుకు ఆగు అనే సంకేతం పంపాను. చంపే ఆజ్ఞకూ నిద్రపుచ్చే ఆజ్ఞకూ మా దగ్గర మొదటి మాట ఒకటే, తర్వాతి మాటే తేడా. ఎంటర్ కొట్టేముందు ఆ వరుసను వాడిచేత పైకి చదివించాను. ఒక్కో అక్షరం విడదీసి చదివాడు. కొట్టాను. సర్వీసు కదలడం మానింది. జాబితాలో పదకొండో ఫైలు ఉంది.

పది పద్నాలుగుకు కాపీ మొదలుపెట్టాను. నలభై నిమిషాలు పడుతుందని చూపించింది.

ఆరు శాతం దగ్గర సూపరింటెండెంట్ గారు వచ్చారు. ఆయన ఈ గదిలో అడుగుపెట్టడం ఎప్పుడోగానీ జరగదు. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు.

"పైన ముప్పైమంది కూర్చున్నారు. ఇద్దరు స్ట్రెచర్ల మీద ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను, రీస్టార్ట్ చేయమంటున్నారు. మా ఇంట్లో టీవీ కూడా అంతే, ఆపి వేస్తే పలుకుతుంది."

"చేస్తే పలుకుతుంది సార్. తెరలన్నీ చక్కగా వస్తాయి. లోపల ఒక్క పేషెంటు ఉండడు."

"మీకు ఖాయంగా తెలుసా?"

"తెలుసు సార్. తీసేసింది..."

"నేనే సార్," అన్నాడు బావమరిది.

"పేరు తప్పు పెట్టింది నేను," అన్నాను.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "అవన్నీ తర్వాత పంచుకోండి," అని పైకి వెళ్లిపోయారు. కాసేపటికి మైకులో ఆయన గొంతు వినబడింది. యంత్రాల్లో ఇబ్బంది ఉందనీ గంటన్నర ఆగాలనీ చెబుతూ, మంచినీళ్లు పంపిస్తున్నాననీ అంటున్నారు.

ముప్పైఒకటి శాతం దగ్గర బావమరిది తెర మీద పసుపురంగు వెలిగింది.

"బావా, హోస్టుకు నాడి అందట్లేదు."

ఇనప్పెట్టె తనలోని ప్రతి మెషీన్‌కూ నాడి చూస్తుంటుంది. అందకపోతే చచ్చిందనుకుని ఆర్పి మళ్లీ వెలిగిస్తుంది. లోపలి కాపలావాణ్ని తప్పించాంగానీ బయటివాణ్ని మరిచిపోయాం. డిస్కు నిండి ఉండటంతో నాడి పంపే ప్రోగ్రాము ఊపిరాడక పడిపోయింది.

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. ఈ ఒక్క మెషీన్‌కు నాడి చూడొద్దని చెప్పాలి. దానికి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది." కొట్టాడు. తప్పు. మళ్లీ కొట్టాడు. తప్పు. "మూడోసారి తప్పితే పావుగంట తాళం పడుతుంది. వేళ్లు వంగట్లేదు. నువ్వు కొట్టు."

"నాకు నీ పాస్‌వర్డ్ తెలియదు. చెప్పి కొట్టించే టైము లేదు. ఇలా రా."

వాణ్ని భుజం పట్టి సర్వర్లు పేర్చిన రాక్ వెనక్కి తీసుకెళ్లాను. ముందువైపు మంచులా ఉంటుంది గానీ వెనక నుంచి ఇనప్పెట్టెల వేడిగాలి కొడుతుంది. వాడి రెండు చేతులూ పట్టి ఆ గాలికి ఆనించాను. మా ఆవిడ చేతుల్లాగే పొట్టి వేళ్లు. పది సెకన్లు లెక్కపెట్టాను. వాడు ఏడుస్తున్నాడు, చప్పుడు లేదు.

"ఇప్పుడు వెళ్లి మెల్లగా కొట్టు. ఎక్స్‌ప్రెస్‌వి కాదు, గూడ్సు బండివి."

వెళ్లాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. తెర తెరుచుకుంది. టిక్కు తీశాడు. ఇరవైరెండు సెకన్లు మిగిలి ఉండగా పసుపురంగు ఆరిపోయింది.

తర్వాత ఇద్దరం నేల మీద కూర్చుని శాతాలు చూశాం. చేయడానికి ఏమీ లేదు. అంతకన్నా పాడు సమయం మా పనిలో లేదు. యాభై దగ్గర వాడన్నాడు, "అక్కది కూడా అందులోనే ఉంది కదా."

"ఉంది. ఇరవైమూడు రోజులు పడింది, అక్కడితో ఆగింది."

"అది కూడా నేనే తుడిచేసేవాణ్ని."

"మీ అక్కది ఆ పాత నకల్లోనూ ఉంది, మనిద్దరికీ నోటికొచ్చు. పైన కూర్చున్నవాళ్లది ఎవరికీ రాదు. అంకెలు చూడు."

పదకొండింటికి రెండు నిమిషాల ముందు కాపీ పూర్తయింది. అయితే చాలదు, సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలి. అసలుకూ నకలుకూ సరిపోల్చే లెక్క ఒకటుంటుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా మొత్తం మారిపోయే పొడుగాటి సంఖ్య వస్తుంది. అది రావడానికి ఇంకో ఇరవైఐదు నిమిషాలు పట్టింది. రెండు సంఖ్యలూ పైనొకటి కిందొకటి వచ్చాయి. వాడు పైది చదివాడు, నేను కిందిదాన్ని వేలితో అనుసరించాను. చివరి దాకా ఒకటే.

నకలును పక్క సర్వర్‌లో తెరిచి ఫిజిసిస్టును పిలిచాం. మెట్లు పరిగెత్తుతూ దిగింది. నిలబడే మౌసు పట్టుకుని ఒక్కో పేరూ తెరిచింది. మేమిద్దరం ఆవిడ మొహమే చూస్తున్నాం.

"నిన్నటి దాకా అందరివీ ఉన్నాయి," అంది చివరికి. "పొద్దున్నవి కూడా ఉన్నాయి. ఆఖరాయనకు ఇవాళ వేసిన రెండు కోణాలే లేవు."

"డిస్కు నిండటంతో రాయలేకపోయింది," అన్నాను. "ఆయన..."

"ఆయనది నా దగ్గరుంది." అరచెయ్యి తిప్పి చూపింది. బొటనవేలి కింద నీలిసిరాతో రెండు అంకెలున్నాయి. "మీరు ఆపమన్నారు కదా, ఆపేముందు తెర మీద ఉన్నది రాసుకున్నాను. చెయ్యి కడుక్కోలేదు."

ఇక మిగిలింది ఒకటే పని. నిద్రపోతున్న సర్వీసును చంపి, నకలు మీద కొత్తగా లేపాలి. చంపిన క్షణం అసలు ఫైలు ఉండదు. సంఖ్యలు సరిపోయాయి, ఆవిడ పేర్లు చూసింది, నకలుకు ఇంకో నకలు వేరే డిస్కులో పెట్టాను. అయినా ఎంటర్ మీద నా వేలు ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో తెలియదు.

"బావా," అన్నాడు వాడు మెల్లగా. "అన్నీ చూశాం. వదిలెయ్."

"నువ్వు చదువు," అన్నాను.

ఆజ్ఞను ఒక్కో అక్షరం చదివాడు. సర్వర్ పేరు చదివాడు. సర్వీసు నంబరు చదివాడు. సరిగ్గా ఉందన్నాడు. కొట్టాను.

పెట్టెలో మిగిలిన జాగాలోంచి నాలుగు జీబీ ఈ డిస్కుకు కలిపి, నకలును అసలు చోటుకు తేవడానికి ఇంకో ముప్పావుగంట పోయింది. పన్నెండున్నరకు సర్వీసు లేచింది. ఫిజిసిస్టు పైకి వెళ్లి అరచేతిలోని అంకెలు తన చేత్తోనే ఎక్కించి, ఫోన్‌లో, "ఆయన్ని బల్ల మీదికి ఎక్కించాం. మూడో కోణం. వేస్తున్నా అన్నయ్యా," అంది.

మా తెర మీద ఏమీ రాలేదు. బావమరిది నా మోచెయ్యి పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు, నేను విడిపించుకోలేదు. తర్వాత ఒక వరుస కదిలి పైకి వచ్చింది. పేషెంటు నంబరు, గది నంబరు, కోణం, మోతాదు, వేళ. కాసేపటికి నాలుగో కోణం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన నంబరు వేరేది. రెండో గదిలో ఇంకెవరినో పిలిచారన్నమాట.