శేషం ఒకటి రాలేదు

మేనమామ ఉపన్యాసానికి ఇంకా గంట టైముందనగా పిచ్చుక గుండెలో రాయి పడింది.

ఆ ముద్దుపేరు పెట్టింది ఆయనే. చిన్నప్పుడు ఆయన బల్ల మీద రాసిన అంకెలను గింజల్లా ఏరుకునేదని. ఇప్పుడు ఇద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో లెక్కలు చెబుతున్నారు. త్వరలో ఆయనకు పదవీ విరమణ. ఈలోగా ఒక సూత్రాన్ని నిరూపించి చూపించాలని ఆయన పంతం. ఇవాళ్టి ఉపన్యాసంలో చెప్పబోయేది ఆ నిరూపణే. ఆ సూత్రం ప్రకారం కట్టిన ప్రతి సంఖ్యా ప్రధాన సంఖ్యేనట. ఒకటీ, తానూ తప్ప దేంతోనూ పోదట. చిన్నవన్నీ ఆ మాట నిలబెట్టాయి. తర్వాతిది మాత్రం కొండంత సంఖ్య, రాయబోతే గోడ చాలదు. తెర మీద చూపిద్దామని ముచ్చటపడి పిచ్చుక దాన్ని కంప్యూటరుకిచ్చింది.

రెండును మినహాయిస్తే, ప్రధాన సంఖ్యలకు తప్పించుకోలేని గుణం ఒకటుంది. సంఖ్యలోంచి ఒకటి తీసేసి, మిగిలినన్ని రెళ్ళను ఒకదానితో ఒకటి హెచ్చవేసి, వచ్చినదాన్ని మళ్ళీ అసలు సంఖ్యతో భాగిస్తే శేషం ఒకటే రావాలి. ఇక్కడ వచ్చింది ఒకటి కాదు, తెర నిండా బారులు తీరిన అంకెలు.

ప్రోగ్రాంలో తప్పుందేమోనని తెలిసిన ప్రధాన సంఖ్యలిచ్చి చూసింది. బుద్ధిగా ఒకటే వచ్చింది. పక్కగదిలో ఇంకో కంప్యూటరు మీద, రెళ్ళకు బదులు మూళ్ళతో చేసింది. మళ్ళీ ఒకటి రాలేదు.

చెప్పకుండా ఊరుకుంటే? రేపో మాపో ఎవరో ఒకరు ఇదే పరీక్ష చేసి నలుగురిలో ఆయన పరువు తీస్తారు. పోనీ చెబుదామంటే ఏ మొహం పెట్టుకుని? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

హాలు వెనక గదికి వెళ్ళేసరికి ఆయన తల దువ్వుకుంటున్నాడు. అత్తయ్య కాలరు సరిచేస్తోంది.

"ఏమే, మొహం అలా పాలిపోయింది? మాట్లాడేది నువ్వా నేనా?"

"మావయ్యా, ఆ పెద్దది ప్రధాన సంఖ్య కాదు. సంయుక్త సంఖ్య."

దువ్వెన ఆగింది. "దేంతో పోతోంది?"

"తెలీదు. కారణాంకాలు వెతకాలంటే ఏళ్ళు పట్టొచ్చు. కానీ శేషం ఒకటి రాలేదు."

"సరిచూశావా?"

"రెండు కంప్యూటర్ల మీద."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అయితే నా నిరూపణ ఎక్కడో తప్పింది. ఎక్కడ?"

"అదీ తెలీదు మావయ్యా."

"ఇప్పుడెలాగండీ? జనం వచ్చేశారు," అంది అత్తయ్య.

"నువ్వు బయటికెళ్ళవే," అన్నాడాయన, మేనకోడలి వంక చూడకుండానే.

హాల్లో పిచ్చుక చివరి వరసలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. ఆయన వచ్చాడు. ఏమీ జరగనట్టే సూత్రం రాశాడు. చిన్న సంఖ్యలు రాశాడు. దాచేస్తాడా? అప్పుడాయన పెద్ద సంఖ్య కింద గీత గీసి, "ఇది సంయుక్త సంఖ్య," అని రాశాడు.

"నిరూపణ చెబుదామని పిలిచాను. అది గంట క్రితమే కూలిపోయింది. కూల్చింది మా మేనకోడలు."

"మరి కారణాంకాలేవి?" ముందు వరసలోంచి ఎవరో అడిగారు.

"ఎవరికీ తెలీదు. ముక్కలు చేతికి దొరక్కుండానే ముక్కలవుతుందని ఎలా తెలిసిందో, ఇవాళ అది చెబుతాను."

చెప్పాడు. పిచ్చుక వైపు మాత్రం చూడలేదు.

తర్వాత చాలా రోజులు పలకరించనూ లేదు. ఫోన్ చేస్తే అత్తయ్యే ఎత్తేది. "గది వదిలి రావట్లేదే. అన్నం కూడా అక్కడికే. నువ్వేం తప్పు చేశావని, బెంగ పెట్టుకోకు," అనేది. పెట్టుకోకుండా ఎలా ఉంటుంది?

ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. గడ్డం మాసి, చెప్పులు జత తప్పి, ఆయనే.

"దొరికిందే! రెండో పేజీలోనే ఉంది వెధవ తప్పు. రెండు సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం లేదనేసుకున్నాను. ఉండొచ్చు!"

"కోపం పోయిందా మావయ్యా?"

"ఎక్కడ పోయింది? ఉంది. జరుగు, లోపలికి రానీ," అంటూ ఆయన కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టి, చెప్పులు విడిచాడు.