పరగడుపున నాలుగు చెంబులు

నేను ఒక రాగి చెంబును. లీటరు నీళ్లు పడతాయి. మండపేటలో ఒక కంచరి నన్ను సుత్తితో సాగగొట్టి, మెడ మీద 'చిట్టెమ్మ' అని పేరు చెక్కాడు. ఆవిడ పెళ్లికి పుట్టింటివారు పెట్టిన చెంబును. ఆవిడ పోయాక కొడుకు పేర్రాజు చేతికి వచ్చాను. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు.

నిరుడు ఆయనకు బీపీ ఉందన్నారు. మాత్రలు మొదలయ్యాయి, కూరల్లో ఉప్పు మానేశాడు. అది చాలదన్నట్టు, పరగడుపున నాలుగు చెంబుల నీళ్లు తాగితే ఒంట్లో చెత్తంతా పోతుందని ఫోనులో ఎవరో చెప్పారట. ముప్పై ఏళ్లు ప్రయాణికుల మాట ఒక్కటీ నమ్మని మనిషి, ముఖం తెలియనివాడి మాట నమ్మాడు. నాకూ గర్వంగానే ఉండేది. ఆయన ఆరోగ్యం నా చలవే అనుకునేదాన్ని.

ఒక పొద్దున మూడో చెంబు తాగి, భార్య వరహాలమ్మను ఎగాదిగా చూసి, "ఎక్కడ ఎక్కారమ్మా? టికెట్టు తీసుకున్నారా?" అన్నాడు. వేళాకోళమనుకుని ఆవిడ నవ్వింది. అంతలో ఆయన తూలి గోడ పట్టుకున్నాడు.

ఆసుపత్రిలోనూ నాలోనే నీళ్లు పోయాలని ఆవిడ నన్ను సంచిలో వేసుకొచ్చింది. డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి, నన్ను చూసి, "రోజుకెన్ని తాగుతున్నారు?" అని అడిగింది.

"పొద్దున్నే నాలుగండి. సాయంత్రం దాకా ఇంకో నాలుగండి."

"రక్తంలో సోడియం, అంటే ఉప్పు, నూట పదికి పడిపోయిందమ్మా. నూట ముప్పై అయిదు పైన ఉండాలి. ఆ బీపీ మాత్రతో కొంత పోయింది, ఉన్నది ఈ నీళ్లకి పలచబడిపోయింది. మెదడు వాచింది."

నేను నిర్ఘాంతపోయాను. విషం కాదు, సారా కాదు, మంచినీళ్లు. అవన్నీ నాలోంచి వెళ్లినవే.

"అయితే గబగబా ఉప్పునీళ్లు పట్టేద్దామండి" అంది వరహాలమ్మ.

"తొందరపడితే మెదడు దెబ్బతింటుంది. చిక్కటి ఉప్పు సెలైను కొంచెం కొంచెంగా ఎక్కిస్తాం. ఆ మాత్ర ఆపేస్తాం. మేం చెప్పిన కొలత దాటి చుక్క నీళ్లు పొయ్యొద్దు."

నాలుగు గంటలకోసారి రక్తం తీసి చూశారు. రెండు రోజులు ఆయన ఆవిడను పోల్చుకోలేదు. నలభై ఏళ్లు కాపురం చేసినవాడు పరాయిదాన్ని చూసినట్టు చూస్తుంటే, ఆవిడ కొంగు నోట కుక్కుకునేది. నేను మంచం పక్కన ఖాళీగా కూర్చున్నాను. ఆ ముఖం చూడలేకపోయాను.

మూడోనాడు ఆయన నా మెడ మీది అక్షరాలు కూడబలుక్కున్నాడు. "మా అమ్మ చెంబు" అన్నాడు. తరువాత మెల్లగా తల తిప్పాడు.

"వరాలూ, నోరెండిపోతందే. చెంబుడు నీళ్లియ్యవే."

పేరు పెట్టి పిలిచాడు. ఆవిడ బావురుమంది. ఆ రోజు కొలత అప్పటికే అయిపోయింది. పెళ్లయిననాటి నుంచి ఆయన అడిగింది లేదనని మనిషి, కళ్లు తుడుచుకుని నన్ను బల్ల మీద బోర్లించింది.

"ఇవ్వనండి" అంది.