గోపయ్య కారులో మిస్సింగ్

మార్కాపురంలో గిద్దలూరు రోడ్డు పక్కన మెకానిక్కు యేసుబాబు షెడ్డులో ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరుగుతుంది. షెడ్డు వెనక ఇంట్లో మిక్సీదీ అదే వరస. ఇంజను దెబ్బ తప్పితే మిస్సింగు అంటారు. ఇంజన్లలోంచి యేసుబాబు చేత్తో తీసిన ఆ మిస్సింగులు ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి కదా. వాటిని పారేయడానికి కుదరదు, తిరిగేదాంట్లోనే పెట్టాలి. "ఇంత పచ్చడి నూరేసరికి నా పానం పోతాంది. ఊరందరి బండ్ల దరిద్రం నా మిక్సీలోకేనా?" అని భార్య మార్తమ్మ పొద్దున్నే అందుకుంటుంది. అది పూర్తయితే గానీ ఆయన షెడ్డు తియ్యడు.

అయితే చెయ్యి పెట్టడం ఆఖరి పని. ముందు స్పానరుతో చూడాల్సినదంతా చూస్తాడు. దేవుడిచ్చాడు కదాని పని ఎగ్గొట్టే రకం కాదు.

ఆ సోమవారం పుల్లలచెరువు నుంచి గోపయ్య తన పాత టర్బో కారు తెచ్చాడు. అడవి పక్క ఊళ్ళ జనాన్ని సంతకీ ఆస్పత్రికీ తిప్పే కారది. పొద్దునా సాయంత్రం తుడుస్తాడు. దాని స్టీరింగు ఇంకొకరిని ముట్టనివ్వడు. వెనక సీట్లో ఎప్పటిలాగే భార్య సుబ్బులమ్మ కూర్చుని ఉంది.

"నిదానంగా పోతే బానే ఉంటాది యేసన్నా. రేసు ఇచ్చి టర్బో అందుకుందంటే చాలు, ఇట్ల దెబ్బ తప్పి ఎగరేస్తాది. ముగ్గురు మెకానిక్కులకు చూపించినా."

యేసుబాబు ప్లగ్గులు తీసి, గ్యాపు ఎక్కువైందని తగ్గించాడు. టర్బో పైపులకు సబ్బునీళ్ళు రాసి, గాలి ఎక్కడా పోవడం లేదని తేల్చుకున్నాడు. రెండో సిలిండరు కాయిలు మూడోదానికీ, మూడోది రెండోదానికీ మార్చాడు. కాయిలు చెడితే మిస్సింగు దాని వెంటే పోవాలి. పోలేదు. ఇక చెయ్యి పెట్టాడు. చేతికి ఏమీ తగల్లేదు. ఇంజన్లో మిస్సింగే లేదు!

"మంచినీళ్ళుంటే ఇయ్యండి," అంటూ సుబ్బులమ్మ కారు దిగింది. రేసు ఇచ్చినా ఇంజను నున్నగా ఆడింది. ఆమె నీళ్ళు తాగొచ్చి కూర్చోగానే మళ్ళీ ఎగరేసింది. యేసుబాబుకు అనుమానమొచ్చి ఆమెను దింపాడు, ఎక్కించాడు. కాయిలు మార్చి చూసినట్టే మనిషినీ మార్చి చూద్దామని, ఆమె చోట్లో మార్తమ్మను కూర్చోబెట్టాడు. ఒక్క దెబ్బ తప్పలేదు.

ఆయన సుబ్బులమ్మను మళ్ళీ సీట్లో కూర్చోబెట్టి మణికట్టు పట్టుకున్నాడు. నాడి రెండుసార్లు కొట్టుకుని, ఒకటి మానేస్తోంది. ఇంజనుదీ అదే వరస.

"కళ్ళు తిరుగుతాండాయని ఉగాది కాణ్ణించి చెప్తాండా," అంది సుబ్బులమ్మ, కారును చూపిస్తూ. "నా సవతిని ముగ్గురికి చూపించినాడు. నన్ను ఒక్కరికీ చూపించలా."

గోపయ్య నోరు తెరిచేలోపు ఆమె పక్కకు ఒరిగిపోయింది. నాడి రెండు దెబ్బలు మానేసింది, తర్వాత మూడు.

"తీస్తా గోపయ్యా, కానీ యాడ పెట్టేది?" అన్నాడు యేసుబాబు. "మనిషిది ఫ్యానూ మిక్సీ మొయ్యలేవు. ఇంజనే కావాల. పెట్టినాక మళ్ళా తీసేది లేదు."

"దీంట్లోనే పెట్టన్నా! కారు నాశనమైపోనీ. తొందరగా కానీ!"

యేసుబాబు ఆమె గొంతు కింద అరచెయ్యి ఆనించి, గుప్పిట మూసి, తిరుగుతున్న ఇంజను మీద తెరిచాడు. కారు ఒళ్ళంతా కుదుపుకుంది. సుబ్బులమ్మ కళ్ళు తెరిచి, మజ్జిగుంటే ఇమ్మంది. గోపయ్య ఆమె కాళ్ళ దగ్గర కూలబడి బావురుమన్నాడు. ఇన్నాళ్ళూ ఏం చూసుకున్నానా అని ఆయనకు తన మీదే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు గీతల కాగితం చూసి, గుండె నిక్షేపంగా ఉందన్నాడు. అయినా గోపయ్య ఊరుకోక ఇంకో ఇద్దరు డాక్టర్లకు చూపించాడు. మెకానిక్కుల కంటే ఒక్కరు తగ్గినా సుబ్బులమ్మ ముందు తలెత్తుకోలేడు.

ఇప్పుడు నల్లమల ఘాటు రోడ్డు ఎక్కుళ్ళలో గోపయ్య కారు ఎగరేసుకుంటూ నిదానంగా పోతుంది, లారీలు కూడా దాటిపోతాయి. తెలిసిన డ్రైవరెవరైనా జాలిపడి, "మామా, ఆ మిస్సింగు అరగంటలో తీసేసే మెకానిక్కు ఉండాడు, రా," అంటే, ఆయన బానెట్టుకు చెయ్యి అడ్డం పెడతాడు.

"ముట్టుకోవద్దు నాయనా. అది మా సుబ్బులుది."