ఎడమవైపు అర

కార్డు మీద ఇరవై ఏడో రోజని రాసి, మర్డో నాలుగో పెట్టె మూత తీశాడు. తోక మొదలు రెండు వేళ్లతో పట్టి చిట్టెలుకను ముంజేతి మీదికి ఎక్కించుకున్నాడు. అది కాళ్లు నిలదొక్కుకునేలోగా వెనకభాగం కాస్త పైకెత్తి దీపం కింద చూశాడు. ఈడేరింది. గడిలో టిక్కు పెట్టాడు. ఎడమవైపు అరలో ఉన్న పన్నెండు ఆడపిల్లల్లో ఈడేరినవాటిలో ఇది తొమ్మిదోది.

మామూలుగా అయితే ఈపాటికి అది చేతి మీంచి దూకేయాలి. దూకలేదు. అతని గౌను చేతి అంచు దగ్గర ముక్కు పెట్టి, మీసాలు వణికిస్తూ అదే పనిగా వాసన చూస్తోంది. ఐదో పెట్టెలోదీ అలాగే చేసింది. ఆరోదీ. అందరికీ ఆ ఒక్కచోటే కావాలి. అక్కడ రూపాయి బిళ్లంత పసుపు మరక ఉంది.

మర్డో మణికట్టు తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. ముప్ఫయ్యొక్కేళ్లుగా ఈ భవనంలోనే ఉన్న ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది. కానీ అదేమిటో అతనికి తెలుసు. గంట క్రితం మగవాటి గదిలో పదహారు పెట్టెల పొట్టు మార్చాడు. గ్లవ్స్ మార్చుకున్నాడు. గౌను మార్చుకోలేదు.

ముందు పిల్లల గది, తర్వాత మగవాటి గది. గోడ మీద ఆ కాగితం అతని చేతిరాతే. ఎదిగిన మగదాని వాసన తగిలితే చాలు, ఆడపిల్లలు రోజుల ముందే ఈడేరతాయని కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెప్పింది అతనే. అయితే ఈ దక్షిణపు దేశంలో చలికాలమైన జూన్‌లో మంచు పడ్డప్పుడు కుడి మోకాలు బిగుసుకుపోయింది. మగవాటి గది వాకిలి దగ్గర, పిల్లల గదీ టీ గదీ నడవా చివర. దారిలోనే ఉంది కదా అని ఒకరోజు మగవాటి గదిలోకి ముందు వెళ్లాడు. మర్నాడూ అంతే. పిల్లల గదిలో ఎడమ అర అయ్యేసరికి మోకాలు సలుపుతుంది. టీకి కూర్చుంటాడు. టీ అయ్యాక కొత్త గౌను వేసుకుని కుడి అర చూస్తాడు.

కుడి అరలో ఇంతవరకూ ఒక్క టిక్కు లేదు.

"మతువా, ఎన్ని?" తలుపు తోసుకుని హినెవై లోపలికొచ్చింది. పరిశోధన చేస్తున్న అమ్మాయి. మూడేళ్లుగా అతన్ని తన భాషలో పెద్దవాళ్లను పిలిచే ఆ పిలుపుతోనే పిలుస్తోంది.

"తొమ్మిది."

"చూశారా! ఆటబొమ్మలిచ్చిన పెట్టెల్లోవి తొమ్మిది, ఏమీ ఇవ్వనివాటిలో సున్నా. నాలుగింటికి ఆ ముసలి పరీక్షకుల మొహాలు చూడాలి నేను!"

చిట్టెలుక మెదడు అడుగున చిన్నతనమంతా నిద్రపోయే గుప్పెడు కణాలుంటాయి. ఈడొచ్చే వేళకు అవి మేలుకుంటాయి. ఆటలు వాటిని ముందే లేపుతాయన్నది హినెవై లెక్క. ఇప్పటికి ఇరవై నాలుగేసి చిట్టెలుకలతో రెండు విడతలు అయ్యాయి, రెండూ ఆ లెక్కకే సరిపోయాయి. ఇది మూడోది, ఆఖరిది. పదకొండింటికి ఈ ఇరవై నాలుగింటి మెదళ్లూ తీస్తుంది.

"అమ్మాయ్..." అన్నాడు మర్డో.

"ఊఁ?"

"కత్తెర సాన పట్టించావా?"

"పట్టించా లెండి. మా అమ్మమ్మ కూడా ఇన్నిసార్లు అడగదు."

ఆమె వెళ్లిపోయింది. మర్డో టీ గదికి నడిచాడు.

టీ గదిలో గ్లెనిస్ కాళ్లు బారజాపి కూర్చుంది. ఈ ఎలుకల విభాగమంతా ఆమె పెత్తనమే. "ఏంటి ముసలాయనా, మొహం అలా వేలాడేశావ్? రిటైరై వెళ్లిపోవడానికి ఇంకా ఐదు వారాలుంది. ఇప్పట్నుంచే ఏడుపా?"

"మోకాలు."

"ముప్ఫయ్యొక్కేళ్లు, ఒక్క తప్పు లేదు అని నీ కేకు మీద రాయమన్నా. అంత చోటు చాలదందా బేకరీ పిల్ల. అయితే పెద్ద కేకే చెయ్యవే అన్నా."

మర్డో నవ్వబోయాడు. కప్పు బల్ల మీద పెట్టేశాడు.

తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గౌను ఉతుకుడుకి పోతుంది, మరక పోతుంది, ఐదు వారాలూ పోతాయి. ఆ తర్వాత ఎక్కడో ఇంకో పిల్ల ఇవే బొమ్మలు, ఇవే పెట్టెలు పెట్టుకుని, ఈ ఫలితం రాక, తప్పు తనదే అనుకుంటూ కూర్చుంటుంది. ఆ పిల్ల మొహం అతనికి స్పష్టంగా కనిపించింది.

ఎలుకలకు పడదని ఇన్నేళ్లూ వాసన సబ్బు వాడలేదు. ఉల్లిపాయ తినలేదు. గడ్డం గీసుకున్నాక నీళ్లు తప్ప ఏదీ రాసుకోలేదు. "నువ్వు ఇంట్లో ఉన్నావో లేదో నీ దిండు మూచూసినా తెలీదు మర్డో" అనేది భార్య ఐరిస్. తన పనికి అది మెచ్చుకోలు అనుకున్నాడు. ఆమెను పూడ్చిన మర్నాడు బీరువా తెరిస్తే ఆమె వైపు లావెండర్ గుప్పుమంది. తన వైపు చొక్కాలు కొట్లో ఉన్నట్టే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, ఆవిడ మెచ్చుకోలేదు.

గడియారంలో పదకొండు దాటింది. పది నిమిషాలు. లేవడానికి బల్ల పట్టుకున్నాడు.

అతను వెళ్లేసరికి మంచుగడ్డల పళ్లెంలో నాలుగు మెదళ్లు ఉన్నాయి, ఒక్కొక్కటి చిక్కుడుగింజంత. హినెవై ఐదో పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

"ఆగు."

చెప్పాడు. మోకాలు, దారి, గౌను, టీ. వరసగా, తలెత్తకుండా. మరకను వేలితో చూపించాడు.

"ఎప్పట్నించి?"

"జూన్. మంచు పడ్డ వారం నించి."

"అంటే మొదటి విడత నించి." ఆమె మరక వైపు చూసింది. "బొమ్మలు కాదన్నమాట. మీ చెయ్యి."

మర్డో పళ్లెంలోకి చూశాడు. ఆ గింజల అడుగున ఎక్కడో, తాను వచ్చాడని వాటికి తెలిసింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గుపడ్డాడు.

"గ్లెనిస్‌కి చెప్పారా?"

"లేదు."

"ఇంకెవరికైనా?"

"నీకే."

ఆమె గడియారం వైపు చూసింది. ఎవరికీ చెప్పొద్దంటుందేమోనని మర్డో భయపడ్డాడు. అంటే కాదనే శక్తి తనలో లేదని అతనికి తెలుసు.

హినెవై కత్తెర కింద పెట్టింది.

"నాలుగింటికి వాళ్లకి ఏం చెప్పను నేను?"

"నా పేరు చెప్పు. తప్పు నాది."

"పేరుతో ఏం చేసుకోను మతువా? యాభై రెండు ప్రాణాలు పోయాయి." చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది. "జరిగింది జరిగినట్టే చెప్తా. మిగిలిన ఈ ఇరవైని మళ్లీ అరల్లో పెట్టేద్దాం."

మర్డో అలవాటుగా పెట్టె అందుకోబోయాడు.

"వద్దు," అందామె గబుక్కున. ఆ తర్వాత కాస్త మెల్లగా, "నేను తీసుకెళ్తాలెండి. మీరు కాదు."

అతని చేతులు గాల్లోనే ఆగాయి. తల ఊపాడు. నడవాలో గ్లెనిస్ గదికి వెళ్లి అవే మాటలు ఇంకోసారి చెప్పాడు. ఈసారి తొందరగా అయిపోయాయి. "ఇంటికెళ్లి పడుకో. రేపు మాట్లాడదాం," అంది గ్లెనిస్, అతని వైపు చూడకుండా. రేపు రానని అతను చెప్పలేదు. తాళాలు ఆమె బల్ల మీద పెట్టాడు.

వాకిలి దగ్గర, లోపలికీ బయటికీ మధ్య అడ్డంగా ఉన్న బెంచీ మీద కూర్చుని, ఒక్కో కాలే చేత్తో ఎత్తి అవతలికి వేసి, బయటి బూట్లు తొడుక్కుని, వానలోకి వెళ్లిపోయాడు.

బెంచీకి ఇవతల అతని తెల్ల రబ్బరు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి, కుడిదాని మడమ లోపలివైపు కాగితమంత పలచగా అరిగిపోయి, ఇంకా వెచ్చగా.